ఆమె గెలిచిన రోజుల పట్టిక

బెంగుళూరు పక్కన జిగణిలో నేను పనిచేసే ఫ్యాక్టరీ మూడో లైనులో ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఒక కుర్చీ. మోటారు సైకిళ్ళకు కావలసిన తీగల కట్టలు అక్కడ తయారవుతాయి. ఒకరు వైర్లను కొలత ప్రకారం కోస్తారు. ఇద్దరు ప్రెస్సు పెడల్ తొక్కుతూ వైరు కొసలకు ఇత్తడి టెర్మినల్స్ బిగిస్తారు. దాన్ని క్రింపింగ్ అంటాం. ఇద్దరు ఆ కొసలను ప్లాస్టిక్ కనెక్టర్లలోకి గుచ్చుతారు. ఇద్దరు టేపు చుడతారు. చివరి మనిషిది టెస్టింగ్. కట్టను మెషీనుకు తగిలిస్తే పచ్చలైటు వెలగాలి. ఆ టెస్టింగ్ బల్ల ఒక్కటే ఎత్తు తక్కువ కాబట్టి అక్కడ మాత్రం కుర్చీ వేశారు. మిగతా ఏడుగురూ షిఫ్టంతా నిలబడే పనిచేయాలి. ఎనిమిది మందికీ అన్ని పనులూ వచ్చు కాబట్టి ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు.

నేను ప్రాసెస్ ఇంజనీర్ని. ఎవరి చెయ్యి ఎన్ని సెకన్లలో ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతుందో స్టాప్‌వాచ్‌తో రాసుకోవడం, అందులో అక్కర్లేని సెకన్లు తీసేయడం నా ఉద్యోగం. ఈ పని నాకు చదువుతో వచ్చిందని అందరూ అనుకుంటారు కానీ, అంతకు ముందు నుంచే ఉంది. చిన్నప్పుడు మా వీధిలో క్రికెట్ ఆడేవాళ్ళు నన్ను స్కోరు రాయడానికి మాత్రమే పిలిచేవాళ్ళు. ఏ బంతికి ఎన్ని పరుగులో రూళ్ళ పుస్తకంలో గీతలు కొట్టి రాసేవాణ్ణి. అవుటైన చిన్నపిల్లవాణ్ణి ఎవరైనా జాలిపడి ఇంకోసారి ఆడనిస్తే పుస్తకం మూసేసి ఇంటికి పోయేవాణ్ణి. ఆట అంటే నా దృష్టిలో మూడే ఉండేవి: నిబంధనలు, స్కోరు, చివర్లో ఒక విజేత. మూడింట్లో ఒకటి లేకపోయినా అది కాలక్షేపం.

మూడో లైను ఆడవాళ్ళు కుర్చీ ఎవరిదో ఆటలో తేల్చుకునేవాళ్ళు. కంపెనీ బస్సు వాళ్ళను దింపాక బెల్లు కొట్టేలోపు పది నిమిషాలు మిగిలేది. మొదట్లో ఆ కుర్చీ కోసం గొడవలయ్యేవట. సూపర్‌వైజర్ విసిగిపోయి, మీలో మీరు ఏమన్నా చేసుకోండి, నా దగ్గరికి మాత్రం రావద్దు అన్నాడట. అప్పటి నుంచి సరి బేసి.

టేపు చుట్టే ఇద్దరిలో ఒకామె, అందరూ అక్కా అని పిలిచే మనిషి, పారేసిన టెర్మినల్స్ డబ్బాలోంచి కొన్నింటిని పిడికిట్లో తీసుకునేది. ఒక్కొక్కరూ సరో బేసో చెప్పాలి. పిడికిలి విప్పి రెండేసి చొప్పున బల్ల మీద లెక్కపెట్టేది. తప్పు చెప్పినవాళ్ళు తప్పుకుంటారు. మిగిలినవాళ్ళతో మళ్ళీ. చివరికి ఒక్కరు మిగిలేదాకా ఇలా సాగేది. మొదటి మాట ఎప్పుడూ వయసులో పెద్దామెది. ఆమెను అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. మదనపల్లె వైపు నుంచి వచ్చి పదేళ్ళయింది. భర్త లేడు. ఒక కూతురు.

"ఏం పెద్దమ్మా, సరా, బేసా? బేగ చెప్పు, బెల్లు కొట్టేస్తాడు."

"ఉండే, రవ్వంత యోచన చెయ్యనీ."

"యోచన చేసేదానికి ఇదేమన్నా పెండ్లి సంబంధమా?"

"దానికి యోచన చెయ్యకనే గదే ఇట్లుండాను. సరి."

"అట్లయితే నేను బేసి" అనేది లైనులో అందరికంటే చిన్నది, క్రింపింగ్ చేసే కుప్పం అమ్మాయి. "పెద్దమ్మ ఎనక పోతే నాకు ఎప్పుడూ కలిసిరాదు."

"నేనూ బేసే."

"రొండు, నాలుగు, ఆరు, ఎనిమిది. అయిపాయ! పోమ్మా మహారాణీ, పోయి కూసో."

నవ్వుకుంటూ తలా ఒక స్టేషన్‌కు పోయేవాళ్ళు. నేను ఆ పది నిమిషాలను మొదట పట్టించుకోలేదు. షిఫ్టు లెక్కలోకి రాని సమయం అది.

ఒకరోజు టీ వేళ టెస్టింగ్ మెషీను దగ్గర రీడింగులు రాసుకుంటుంటే పెద్దమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"నేను రోజూ ఎట్ల గెలుస్తాండానో తెలుసా అప్పా? ఎవురికీ చెప్పాకు. నువ్వు సదువుకొన్నోనివి కాబట్టి చెప్తాండా."

"చెప్పండి."

"పొద్దున బస్టాపులో ఎంతమంది నిలబడుకొనింటారో లెక్కేస్తా. సరి ఉంటే సరి. బేసి ఉంటే బేసి. రెండో తూరికి దానికి తిరగామరగా. మళ్ళా తూరికి మళ్ళా తిరగామరగా. తప్పితే నన్నడుగు."

ఆమె ముఖంలో గర్వం ఉంది. ఏళ్ళ తరబడి పరీక్షించి రుజువు చేసుకున్న మనిషికి ఉండే గర్వం అది. నాకు నవ్వు రాలేదు. అది పరీక్షకు నిలబడే మాట అనిపించింది. ఎవరైనా ఒక పద్ధతి చెబితే దాన్ని పరీక్షించకుండా వదలలేను. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే లైను పక్కన నిలబడి పట్టిక రాయడం మొదలుపెట్టాను. నాలుగు గడులు: తేదీ, పెద్దమ్మ మొదట చెప్పిన మాట, పిడికిట్లో తేలింది, ఆ రోజు కుర్చీ ఎవరిది.

ఇరవై ఆరు పని దినాలు రాశాను. పిడికిలి పట్టే అక్క పోగా ఏడుగురు ఆడే ఆటలో అన్నీ సవ్యంగా ఉంటే ఒక మనిషికి ఇరవై ఆరింట్లో మూడుసార్లో నాలుగుసార్లో రావాలి. ఆమెకు ఇరవై మూడుసార్లు వచ్చింది.

బస్టాపులో మనుషుల సంఖ్యకూ ఒకరి పిడికిట్లో ఇత్తడి ముక్కల సంఖ్యకూ సంబంధం ఉండదు. కాబట్టి మిగిలింది ఒకటే కారణం: పిడికిలి పట్టే అక్కా, పెద్దమ్మా కలిసిపోయారు. బస్టాపు కథ నన్ను ఏమార్చడానికి చెప్పింది. మిగతా ఆరుగురూ, ముఖ్యంగా రోజంతా నిలబడి పెడల్ తొక్కే ఆ కుప్పం అమ్మాయి, నెల నుంచి మోసపోతున్నారు. ఈ తర్కంలో ఎక్కడా పొరపాటు కనబడలేదు నాకు. రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా. కోపం కూడా వచ్చింది. న్యాయం చేయబోతున్నవాడికి వచ్చే కోపం. దానంత హాయైన కోపం ఇంకొకటి లేదు.

ఒక శనివారం, బెల్లు కొట్టాక జరిగే ఐదు నిమిషాల మీటింగులో, సూపర్‌వైజర్ పక్కనుండగా, ఆ కాగితం తీశాను.

"మీ ఆటలో మోసం జరుగుతోంది" అన్నాను. తేదీలు చదివాను.  టేపింగ్ అక్కను మళ్ళీ ఒకసారి పిడికిలి పట్టమన్నాను. పట్టింది. పెద్దమ్మను చెప్పమన్నాను. బేసి అంది. అక్క రెండేసి చొప్పున బల్ల మీద పెట్టింది. తొమ్మిది తేలాయి.

"ఇప్పుడు వేళ్ళు విడదీసి చూపించండి."

చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య పదో ముక్క ఉంది.

"చెమటకి అంటుకొనింటాది సార్."

"నెల రోజులుగా చెమటేనా?"

సూపర్‌వైజర్ గట్టిగా నవ్వాడు. "ఏనమ్మా, సరి బేసిలో కూడా గోల్‌మాలా? చెస్ ఆడితే ఇంకేం చేస్తారో!"

పెద్దమ్మ ముందుకొచ్చింది. "నేనేమన్నా దాంతో మాట్లాడుకొన్నానా? నా బిడ్డ మీద ఒట్టు సార్. నాకు తెలీదు."

అక్క వెంటనే అందుకుంది. "నేనే చేసినా సార్. పెద్దమ్మ నాకు రోజూ రాగిసంగటి తెస్తాది. దానికోసరం చేసినా. ఇంగ చెయ్యను."

"నేనెప్పుడు తెచ్చినానే నీకు సంగటి?"

అక్క ఆమె వైపు చూడకుండా నేల చూసింది. పెద్దమ్మ ఒక్కొక్కరి ముఖమూ చూడడం మొదలుపెట్టింది. అది భరించలేక కుప్పం అమ్మాయి నోరు విప్పింది.

"ఆయమ్మకేం తెలీదు సార్. అక్క ఒక్కదాని తప్పు గాదు. మేమే ఇడుస్తాండాం. అందరమూ. ఆయమ్మ సరంటే మేము బేసంటాం, ఈ తూరి కాకుంటే మళ్ళా తూరి. అంతే."

అంటే లైనులో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళం ఇద్దరమే: ఆమె, నేను.

"ఎందుకు?" అని అడిగాను.

ఆ ఒక్క ప్రశ్న అడగకుండా ఉండవలసింది.  ఏడుగురి కళ్ళూ ఒకేచోటికి పోయాయి. వాటి వెంట నా కళ్ళూ, సూపర్‌వైజర్ కళ్ళూ పోయాయి. చీర అంచు కింద ఆమె ఎడమ కాలికి పాత నూలుబట్ట చుట్టి ఉంది. పైన పిక్క మీద నరాలు ఉబ్బి మెలితిరిగి నల్లబడ్డాయి. మడమ దగ్గర బట్ట తడిసి పసుపుపచ్చగా ఉంది.

నా పట్టికల్లో చేతుల కదలికలకు పద్నాలుగు గడులున్నాయి. కాళ్ళకు ఒక్కటీ లేదు.

పెద్దమ్మ టెస్టింగ్ బల్ల దగ్గరికి పోయింది. కుర్చీ వీపుకు తగిలించిన సంచీ తీసుకుంది. క్రింపింగ్ ప్రెస్సు దగ్గరికి వచ్చి కుప్పం అమ్మాయితో, "జరుగు. నేను తొక్కుతా" అంది.

"వద్దు పెద్దమ్మా."

"జరగమంటాండా గదా."

ఆ రోజు ఆమె సాయంత్రం దాకా నిలబడి పెడల్ తొక్కింది.  కుర్చీలో కుప్పం అమ్మాయి కూర్చుని పచ్చలైటు వెలిగిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంది. నేను లెక్క ప్రకారం గెలిచాను.

ఆ తర్వాత నేను చేసిన పని, చెప్పుకోడానికే సిగ్గుగా ఉంది, లైను గోడకు అంటించిన ఇంకో పట్టిక. ఎనిమిది మందికి ఎనిమిది రోజులు, కుర్చీ వంతులు. వాళ్ళ పేర్ల పక్కనే రంగురంగుల నక్షత్రాలు: తప్పులు లేని రోజుకు ఒకటి, టార్గెట్ దాటిన రోజుకు రెండు. దానికి కొన్నాళ్ళ ముందే మా ఇంజనీర్లందరికీ ఒక హోటల్లో రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. పనిని ఆటగా మార్చడం ఎలా అన్నది విషయం. శిక్షణ ఇచ్చినాయన మాచేత బెలూన్లు ఊదించాడు. మనుషులు పాయింట్ల కోసం ఏమైనా చేస్తారు అని చెప్పాడు. నేను నోట్సు రాసుకున్నాను. ఆ నోట్సులోంచే ఈ నక్షత్రాలు. ప్లాంట్ మేనేజరుకు నచ్చింది. నెల ఉత్తమ ఆలోచన అని నాకు సర్టిఫికెట్ ఇచ్చి, ఫొటో తీయించి, క్యాంటీన్ గోడకు అంటించారు.

పొద్దున పది నిమిషాలు ఖాళీ అయిపోయాయి. బస్సు దిగి ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటూ బెల్లు కోసం కూర్చునేవాళ్ళు.

పెద్దమ్మ తన వంతు రోజు మాత్రం కుర్చీలో కూర్చునేది. ఎనిమిది రోజులకోసారి. మిగతా రోజుల్లో ఎవరెంత బతిమాలినా లేదు.

"పెద్దమ్మా, నాకు కూసొని కూసొని నడుము నొస్తాంది. రవ్వంతసేపు నువ్వు కూసో."

"నొస్తే లేచి నిలబడు. నీ వంతు నాకెందుకు?"

"అట్లంటే ఎట్లమ్మా?"

"ఇంగెట్లనల్ల? గోడ మీద రాసిచ్చినారు గదా."

నాతో ఆమె మాట్లాడడం మానేయలేదు. అదే కష్టంగా ఉండేది. ఇంతకుముందు అప్పా అనేది, ఇప్పుడు సార్ అంటోంది. అడిగినదానికి జవాబిచ్చి తల తిప్పుకునేది.

రెండు వారాల తర్వాత, టీ బ్రేకులో, టేపింగ్ అక్క దగ్గరికి పోయి నిలబడ్డాను. క్షమించమని అడగాలనుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం వేరే ప్రశ్న. "ఆమె ఓడిపోయిన రోజులు మూడున్నాయి. అవెందుకు?"

అక్క నన్ను ఒకసారి కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వింగా దాంట్లోనే ఉండావా సార్? సరే, ఇను. ఒక దినం మా కుప్పం పిల్లకు జొరం. ఒళ్ళు కాలిపోతాండె. లీవు పెడితే అటెండెన్స్ బోనస్ పోతాదని వచ్చింది. ఇంగొక దినం ఆ కటింగామెకు కడుపు పోయిన మూడో పొద్దు. ఇంట్లో చెప్పుకోలేదు, ఈడా చెప్పుకోలేదు. ఆ రొండు దినాలు పెద్దమ్మను ఓడించినాం."

"వాళ్ళకు బాగాలేదని మీకెలా తెలిసింది? చెప్పారా?"

"చెప్పేదేంది? బస్సు దిగేటప్పుడు ఎవురు కమ్మీ పట్టుకొని దిగుతాండారో చూస్తే తెల్దా?"

"మూడో రోజు?"

అక్క ఆలోచించింది. "అది నాకూ మతికి లేదు. నిజంగానే ఓడిపోయిందేమో. ఆట గదా సార్, ఒకోతూరి ఓడిపోతారు."

"ఇదంతా ఎందుకు? ఆమెనే కూర్చోమని చెప్తే సరిపోయేది కదా."

"యాడ చెప్పేది? మూడేండ్ల కిందట ఇదే లైన్లో ఒకామె నడుము నొప్పి, నిలబడలేనని సూపర్‌వైజర్‌కు చెప్పింది. పాపం ఆయప్ప మంచికే పైకి రాసినాడు. వారం తిరిగేలోపల, మమ్మల్ని పనికి పెట్టిన కాంట్రాక్టరు పిలిచి, ఇంట్లో రెస్టు తీసుకోమ్మా అన్నాడు. ఇంగా తీసుకొంటానే ఉండాది రెస్టు. ఈ ఫ్యాక్టరీలో నొప్పి కాగితం మీదికి పోకూడదు సార్. పోతే మనిషి బయటికి పోతాది."

"సరే, సూపర్‌వైజర్‌కు చెప్పొద్దు. మీలో మీరే ఇచ్చుకోవచ్చు కదా."

అక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"ఇస్తే తీసుకొనే మనిషా ఆయమ్మ? పోయినేడు వాళ్ళింటికి గిన్నెడు వంకాయ కూర పంపిస్తి. మర్నాడు గిన్నె తోమి, దాంట్లో పిడికెడు బెల్లం పెట్టి ఇచ్చింది. ఆ దినం వాళ్ళింట్లో బెల్లం అంతే ఉండాది, వాళ్ళ బిడ్డ చెప్పింది. ఖాళీ గిన్నె ఆయమ్మ చేతిలోంచి రాదు. అట్లాంటి మనిషికి రోజూ కుర్చీ ఎట్లిచ్చేది? దానికి బదులు ఆయమ్మ ఏం తెచ్చియ్యల్ల? అందుకే ఇయ్యలేదు సార్. ఓడిపోతాంటిమి."

ఆ మాట విన్నాక కూడా నేను ఒక ఇంజనీరు చేసే పనే చేశాను. ఆ రాత్రి గదిలో కూర్చుని వాళ్ళ ఆటను ఒక వ్యవస్థగా రాసి చూశాను. ఎవరికి ఈ రోజు కాళ్ళు నిలవవో బస్సు దగ్గరే తెలుసుకోవడం. అడగనక్కర్లేకుండా ఇవ్వడం. తీసుకున్నవాళ్ళు రుణపడకుండా చూడడం. కాగితం మీద అక్షరం పడకుండా చూడడం. పైగా రేపు అవసరం మారితే మనిషినీ మార్చడం. దీన్ని పది నిమిషాల్లో, పారేసిన ఇత్తడి ముక్కలతో, నవ్వుకుంటూ చేశారు. నేను ఆ నవ్వు చూసి కాలక్షేపం అనుకున్నాను. నవ్వు లేకపోతే పెద్దమ్మ నమ్మేది కాదు. ఎకసెక్కాలు, మహారాణీ అన్న దెప్పిపొడుపులు, కలిసిరాదన్న ఏడుపులు, అవన్నీ పనిలో భాగమే. ఆ పదీ వాళ్ళు రోజు మొత్తంలో అన్నిటికంటే కష్టపడి పనిచేసిన నిమిషాలు.

నా దగ్గర నిబంధనలు, స్కోరు, విజేత ఉన్నారు. మనిషి లేడు.

మళ్ళీ ఆట మొదలుపెట్టమని అక్కను అడిగాను, నక్షత్రాల పట్టిక తీయించేస్తానని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇంగేం ఆడేది సార్? ఇప్పుడు గెల్చినోళ్ళకీ అనుమానం, ఓడినోళ్ళకీ అనుమానం. ఎవురన్నా గెలిస్తే, నాకేం రోగమొచ్చిందని ఇడిచిపెట్టినారు అనుకొంటాది. సాలు. నీ పట్టికే ఉండనీ."

పట్టికే ఉంది. ఆ లైను ఉత్పత్తి కూడా కొంచెం పెరిగింది. కుప్పం అమ్మాయికీ కటింగామెకూ నక్షత్రాల దగ్గర మాట పట్టింపు వచ్చి, భోజనాలకు వేరువేరుగా కూర్చోవడం మొదలుపెట్టారు.

ఈలోపు జరగవలసిన మరొకటి జరిగింది. ఆ శనివారం కాలు చూసిన సూపర్‌వైజర్ చెడ్డవాడు కాదు. కానీ చూసినదాన్ని చూడనట్టు ఉండలేని మనిషి. రేపు లైనులో పడిపోతే ఎవరు బాధ్యులు అని పైకి రాశాడు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మని కాంట్రాక్టరు పెద్దమ్మకు చెప్పాడు. ఆమె సరే అంది. ఒక సోమవారం నుంచి రాలేదు. హాజరు పుస్తకంలో తానే మానేసినట్టు రాసుకున్నారు.

నేను ప్లాంట్ మేనేజరు చుట్టూ పన్నెండు రోజులు తిరిగాను. టెస్టింగ్ పని కూర్చుని చేసేదే కాబట్టి కాలు అడ్డం కాదని, ఆమె చేతిలో తప్పులు అందరికంటే తక్కువని, నా కాగితాలే ముందు పెట్టి వాదించాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషి కోసం అంకెలు వాడాను. చివరికి ఒప్పుకున్నాడు. డాక్టరు లెటరు ఒకటి తెస్తే టెస్టింగ్ కుర్చీ శాశ్వతంగా ఆమెకే. ఫారం మీద సంతకం చేసి ఇచ్చాడు.

అక్కను అడిగి ఇంటి గుర్తులు తెలుసుకుని ఆదివారం మధ్యాహ్నం పోయాను. జిగణిలోనే, ఒకే గోడకు ఆరు గదులున్న వరుస ఇళ్ళు. పెద్దమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కాలు చాపి ఇటుక మీద పెట్టుకుంది. ఎవరో కొట్టువాళ్ళ చింతపండట, కిలోల లెక్కన ఇస్తారట.

"రా సార్. బిడ్డ సంతకు పోయిండాది. కాఫీ పెట్టేదానికి లేవలేను, ఏమనుకోవాకు."

నేను మెట్టు మీద కూర్చుని ఫారం తీసి చెప్పవలసింది చెప్పాను. నిలబడే పని లేదు, వంతులు లేవు, ఎవరూ పంపించలేరు, సంతకం ఉంది.

"ఊరికే ఇస్తారా?"

"ఊరికే కాదు. డాక్టరు లెటరు మీద."

"ఊరికే అంటే అదే గదప్పా."

చాలా రోజుల తర్వాత అప్పా అంది. కానీ దాంట్లో మెత్తదనం లేదు.

"నేనొకటి చెప్తా, ఇను. పెండ్లయినకాడి నుంచి నేను గెల్చింది ఒకటి లేదు. పొలం పోయింది. మొగుడు పోయినాడు. ఈడికొస్తే కాలు పోతాంది. దినామూ సాయంత్రం ఇంటికొస్తానే నా బిడ్డ అడుగుతాండె: అమ్మా, ఈ పొద్దు గెల్చినావా? గెల్చినానే అంటాంటి. బస్టాపులో ఎంతమందో, నేనేం చెప్పినానో, అక్క ముఖం ఎట్ల మాడిపోయిందో అన్నం తింటా చెప్తాంటి. అది పొర్లి పొర్లి నగుతాండె. ఇప్పుడు అడగదు. నేను చెప్పను."

గింజ తీసి డబ్బాలో వేసింది.

"వాళ్ళేమో గెలిపించినారు. నువ్వొచ్చి గెలవలేదని లెక్కేసి చెప్పినావు. దీంట్లో ఎవురిది ఎక్కువ తప్పో నాకు తెల్దు. నీ కుర్చీ నాకొద్దు."

నాకు తోచిన ఒకే ఒక ఓదార్పు లెక్కలోనే దొరికింది. "అన్నీ వాళ్ళు ఇచ్చినవి కావు" అన్నాను.

"అంటే?"

"పిడికిట్లో ఉన్నది సరో బేసో, రెండే. మీరు చెప్పింది సగం రోజులు దానంతట అదే నిజమై ఉంటుంది. ఆ రోజుల్లో అక్క వేళ్ళ మధ్య ఏమీ దాచనక్కర్లేదు. అంటే ఇరవై మూడింట్లో పదకొండో పన్నెండో రోజులు, మొదటి మాట మీరే సరిగ్గా చెప్పారు. మిగతావాళ్ళు విడిచిపెట్టింది ఆ తర్వాత."

ఆమె చేతులు ఆగాయి.

"నా బస్టాపు లెక్కతోనా?"

"మీ లెక్కతోనే."

అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ శనివారం తర్వాత అలా చూడడం అదే మొదలు.

"ఏయే దినాలు?"

పట్టిక ఫొటో నా ఫోన్లో ఉంది. తీశాను. ఇరవై ఆరు వరుసలు, నాలుగు గడులు. ఏ రోజు అక్క వేళ్ళ మధ్య ముక్క ఉందో, ఏ రోజు లేదో అందులో లేదు. లేదని తెలిసీ పైనుంచి కిందికి వేలితో జరుపుతూ పోయాను. ఆమె చింతపండు పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, ముందుకు వంగి ఎదురుచూసింది.

"అది తెలియదు" అన్నాను.

"ఒక దినమన్నా?"

"తెలియదు."

ఇంకొంచెంసేపు ఫోను వైపే చూసి, పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "బిడ్డకు చెప్పేదానికి ఒకటుంటే బాగుండు" అంది.  ఫారం ఆమె పక్కన గడప మీద పెట్టబోతే చేత్తో నా వైపు తోసింది. మడిచి తీసుకొచ్చేశాను.